తంపర గట్టు మీద మగాళ్ళ వంట

పడవ ఎక్కించే కుర్రాడు ముందు నా మొహం చూశాడు, తర్వాత నా పొట్ట చూశాడు, చూపు అక్కడే నిలబెట్టి, “తాతగారూ, తమరు సరిగ్గా మధ్యలో కూకోండి” అన్నాడు. బళ్ళో వెనక బల్ల, పెళ్ళి పందిట్లో స్తంభం చాటు, రైల్లో మరుగుదొడ్డి పక్కన సీటు, బుద్ధెరిగాక నాకు దొరికిన చోట్లు ఇవే. మూడో ఫారంలో చదువు నన్ను విడిచిపెట్టి దాని దారిన అది పోయాక, నన్ను నడిమధ్యన కూర్చోమన్న పెద్దమనిషి ఈ కుర్రాడొక్కడే. అదైనా నా గొప్పతనం చూసి కాదు, పడవ ఒరిగిపోతుందని భయం. తర్వాత ఒక నారింజరంగు కోటు తొడిగాడు. నీళ్ళలో పడినా తేలతారట. దాని రెండు కొసలూ నా పొట్ట మీద కలుసుకోలేక, ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా చెరో పక్కా నిలబడిపోయాయి. “పర్లేదు తాతగారూ, తమరు కోటు లేకపోయినా తేల్తారు” అన్నాడు కుర్రాడు. వాడి నోటికి నేను దండం పెట్టేశాను. నా కాలంలో అయితే ఆ మాట అనవలసింది నేను.

మా చిన్నమ్మాయీ, అల్లుడూ, పిల్లలూ కలిసి నన్ను తంపర చూపించడానికి తీసుకొచ్చారు. నాకు తంపర చూపించడం! టెక్కలి నుంచి బండి కట్టుకుని నౌపడ దాటి, ఉప్పుమళ్ళ పక్కనుంచి ఈ గట్టుకి నేను వచ్చినన్ని సార్లు వీళ్ళు సినిమాకి కూడా వెళ్ళుండరు. వానలకి గెడ్డల, అంటే వాగుల నీరు, పోటుకి సముద్రం నీరు వచ్చి కలిసి, ఎండాకాలం దాకా నిలిచిపోయే పల్లపు చెరువుని మా వైపు తంపర అంటారు. ఇప్పుడు దానికి సిమెంటు రేవు కట్టారు. ఇంజను పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. గట్టు మీద గుడ్డ ఇళ్ళు వేసి అద్దెకిస్తున్నారు, లోపల మంచం, పరుపు, అద్దం కూడాను. సామాను దింపుతూంటే ఒకాయన వచ్చి, “వంట మాకు చెప్పేయండి, వేళకి వేడివేడిగా తెచ్చిపెడతాం” అన్నాడు. మా అమ్మాయి చెప్పులు విప్పేసి, రేవు మెట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, “హమ్మయ్య, ఉన్నన్ని రోజులూ పొయ్యి మొహం చూడక్కర్లేదు” అంది. ఆ మాటా, నీళ్ళలో ఆ కాళ్ళూ చూసేసరికి నాకు మా అమ్మ గుర్తొచ్చింది. సరిగ్గా ఆ మాట కోసమే, ఈ గట్టు మీదే, మా అమ్మ ఒక యుద్ధం చేసి గెలిచింది. ఆ రోజుల్లో పెద్ద యుద్ధం ఇంకొకటి కూడా నడుస్తూండేది గానీ, మా ఇంట్లో దాని గురించి అంతగా చెప్పుకోలేదు.

మాది టెక్కలిలో చింతపండు, బెల్లం, ఉప్పు, నార తాళ్ళు అమ్మే దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మా ఇంట్లో పిల్లలు తల్లి ఒడి వాసన కన్నా ముందు చింతపండు వాసన గుర్తుపట్టేవారు. తెల్లారేసరికి తడి గోనెల వాసన, ఆ వెనకే చోడి అంబలి వాసన, ఎండెక్కాక బెల్లం బుట్టల మీద ఈగల పాట. ఇంటికి పెద్ద మా పెద్దయ్య, అంటే నాన్నగారి అన్న. సన్నటి మనిషి, ముక్కుపొడుం వల్ల ఎప్పుడూ తడిగా ఉండే మీసం. మనుషులతో కన్నా ఎడ్లతో మర్యాదగా మాట్లాడేవాడు. ఆయనకున్న ఒక్క గర్వం బండికి సరుకు సర్దడం. బరువంతా వెనక పడితే కాడి పైకి లేచి ఎద్దు గొంతు బిగుస్తుంది, మరీ ముందుకి పడితే మెడ కాయలు కాస్తుంది. పెద్దయ్య బస్తాలు ఎత్తించి, చివరికి చూపుడువేలితో ముందుకి చాచి ఉన్న నొగ కొసని ఒకసారి ఎత్తి చూసేవాడు. “ఎప్పుడూ ముందుకి ఒక పిసరు మొగ్గుండాలిరా. ఎద్దుకి బండి ఉన్నాదని తెలవాల, బరువని తెలవకూడదు” అనేవాడు. ఆయన సర్దిన బండి కట్టుకున్న ఎద్దు మెడ మీద పుండు పడిందన్న మాట సంతలో ఎవరూ అనలేదు. అది అబద్ధం కాదు, నేను సాక్షిని.

మా నాన్న దీనికి పూర్తిగా వేరు. నవ్వు మొహం, చేతిలో మంచి రుచి, అన్నగారి ముందు మాత్రం చాపలా చుట్టుకుపోయే మనిషి. మా అమ్మది కళింగపట్నం. వాళ్ళ నాన్నకి వంశధార ఏరు సముద్రంలో కలిసే చోట ఉప్పు కొట్టు ఉండేది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ అమ్మ వంటింట్లోనే ఉంది, మిగతా ఇల్లు ఆమెకి దారి మాత్రమే. అప్పటి కట్టుబాటు ప్రకారం భర్త అన్నగారితో, అంటే బావగారితో, కోడలు మొహాన మొహం పెట్టి మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో ఇంకొకళ్ళుండాలి. ఎవరూ లేకపోతే పిల్లికో, గోడకో చెప్పేవారు. బడి మానేసి దుకాణంలో చేరాక ఆ గోడ ఉద్యోగం నాకొచ్చింది. అమ్మ తలుపు వెనక, పెద్దయ్య వీధరుగు మీద, మధ్య గడపలో నేను. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినిపిస్తూనే ఉంటుంది. తపాలా బంట్రోతుకి కనీసం ముద్ర గుద్దే పనైనా ఉంటుంది, నాకు అదీ లేదు.

ఏటేటా మాఘమాసంలో, చింతపండు కొత్త పంట దిగే ముందు, దుకాణం తలుపులు వేసి ఇంటిల్లిపాదీ మూడు రోజులు తంపరకి వెళ్ళేవాళ్ళం. రెండు బండ్లు ఎదురెదురుగా నిలిపి, నొగలు పైకెత్తి, వాటి మీద గోనెపట్టాలు కప్పితే ఇల్లు. కింద ఇసక మీద ఎండుగడ్డి, దాని మీద బొంతలు. పగలంతా గోనె వేడెక్కి బెల్లం వాసన కొట్టేది, సాయంత్రానికి తంపర బురద వాసన, ఉప్పుగాలి వాసన దాన్ని తోసేసేవి. అవతల జమ్ము దుబ్బుల వెనక ఒక దిబ్బ, దాని చెట్ల మీద ఎక్కడెక్కడి నుంచో వచ్చి గూళ్ళు కట్టుకునే కొంగలు. పక్క ఊరి ఆడవాళ్ళు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలనేవారు, ఎవడైనా రాయి విసిరితే చెవి మెలేసేవారు. ఇప్పుడు సిమెంటు రేవున్న చోటే చేపల ఎర్రయ్య పడవా, దోనెలూ ఉండేవి. మేం ఒక బుట్ట చింతపండు ఇచ్చేవాళ్ళం, ఎర్రయ్య మూడు రోజులూ పిల్లల్ని పడవ మీద తిప్పేవాడు.

ఆ మూడు రోజులకీ మా ఇంట్లో ఒక రివాజు ఉండేది. తంపర గట్టు మీద ఆడవాళ్ళు పొయ్యి ముట్టించరు. వంటంతా మగాళ్ళదే. ఇది పెట్టింది మా మామ్మ, పెద్దయ్యకీ నాన్నకీ తల్లి. కోడలిగా వచ్చిన మొదటి ఏడు మామ్మ కూడా గట్టు మీద మూడు రోజులూ అందరికీ వండిందట. తిరిగొచ్చాక పక్కింటావిడ, “తంపర ఎలగున్నాదే?” అని అడిగితే, “పొగలాగున్నాది” అందట. మా తాతకి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. మరుసటి ఏడు మామ్మ బండి దిగుతూనే నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుండిపోయి, “వంటైతే పిలండి” అందట. అప్పట్నుంచి అంతే. మామ్మ ప్రతి ఏడూ ఆ నీళ్ళ అంచున పీట వేసుకుని, వక్క నములుతూ, కొడుకులు గోచీలు బిగించి పొయ్యి ఊదుతూంటే రాణీగారిలా చూసేది. పెద్దయ్య పప్పులో ఉప్పు కూడా తక్కెడలో తూచి వేసేవాడు. నాలికని నమ్మడు, తక్కెడని నమ్ముతాడు. “పెద్దోడా, నీ తక్కిడికి ఉప్పు సరిపోనాదా? మాకు మాత్రం ఎక్కువైనాది” అనేది మామ్మ. నాన్న వండే ఆనపకాయ పులుసుకి మాత్రం ఎవరూ వంక పెట్టలేదు. అమ్మా, పెద్దయ్య ఇల్లాలు పెద్దమ్మా చింతపిక్కలాడుతూ, మధ్యాహ్నం పూట గోనె నీడలో పడి నిద్రపోతూ, ఏడాదికి సరిపడా నవ్వేవారు. మా అమ్మకి పై పన్ను ఒకటి కొంచెం వంకరని నాకు తంపర గట్టు మీదే తెలిసింది. ఇంట్లో అది బయటపడేంత నవ్వు ఎప్పుడూ వచ్చేది కాదు.

నేను చెప్పే ఏటికి మామ్మ లేదు. ముందటి వానాకాలంలో పోయింది. యుద్ధం మూలాన కిరసనాయిలు లేదు, గుడ్డ లేదు, అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. అయినా తంపరకి వెళ్దామన్నాడు పెద్దయ్య. నేను ఎగిరి గంతేశాను. అప్పుడు వీధరుగు మీదనుంచి అసలు మాట వచ్చింది.

“ఒరే, మీ అమ్మతో సెప్పు. ఈ ఏడు పర్లాకిమిడి షావుకారు గారూ, ఆయన ఇల్లాలూ మనతో వస్తన్నారు. మన సరుకంతా కొనే మనిషి. ఆయన ముందర మనం గోచీలెట్టుకుని పొయ్యూదితే బాగోదు. వంట ఆడోళ్ళే సూసుకోవాల.”

తలుపు వెనక గాజులు ఒకసారి చప్పుడై ఆగాయి. “ఒరే, మీ పెద్దయ్యతో సెప్పు. మా అత్త పోయినాది గానీ, మా అత్త మాట పోనేదు.”

నేను అటు తిరిగి నోరు తెరిచేలోపే పెద్దయ్య ముక్కుపొడుం డబ్బా అరుగు మీద టక్కున కొట్టాడు. “మీ అమ్మతో సెప్పు. ఒక్క ఏడుకే గదా?”

“ఒక్క ఏడని మీ పెద్దయ్యకి ఎవులు సెప్పినారో అడుగు.”

“విన్నారు కదా” అన్నాను నేను, రెండు పక్కలకీ కలిపి. ఇద్దరూ నన్నే తిట్టారు.

ఆ సాయంత్రం అమ్మ పెద్దమ్మతో అంటూంటే విన్నాను. “అక్కా, మనవొక్కసారి గట్టుమీద పొయ్యి ముట్టించినామంటే, ఇంక మనకి తంపర నేదు. ఇంటికాడా పొయ్యే, ఆడా పొయ్యే. దానికి అంత దూరం బండెక్కడం దేనికి?” పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, “నాకు ఆయన్ని సూస్తే బయమే” అంది. “నాకూ బయవే. అందుకే ఇద్దరం కలిపి బయపడదాం. పొయ్యి మాత్రం ముట్టించొద్దు” అంది అమ్మ.

షావుకారు గారు వచ్చారు. మంచి మనిషి, పెద్ద మనిషి. రెండో మాట బరువు లెక్కన చెబుతున్నాను. బండి దిగుతూంటే ఎడ్లు వెనక్కి తిరిగి చూశాయి. ఏ మాటకైనా “జగన్నాథా!” అంటారు, సంతోషమైనా, దోమ కుట్టినా. ఆయన ఇల్లాలు చిన్న మనిషి, పెద్ద ముక్కెర. వచ్చిన రాత్రికి ఇంటినుంచి తెచ్చిన పులిహోరతో గడిచిపోయింది. తెల్లారాక అసలు పరీక్ష. మూడు రాళ్ళ పొయ్యి పేర్చి ఉంది, కట్టెలు పక్కనే ఉన్నాయి, ఎవరూ దాని వైపు చూడరు. పెద్దయ్య నన్ను పిలిచి, “మీ అమ్మతో సెప్పు. షావుకారు గారికి పడవ మీద కొంగల దిబ్బ సూపించి తెస్తాను. మావొచ్చేసరికి వంట అయిపోవాల” అన్నాడు. అమ్మ నీళ్ళ అంచున, మామ్మ కూర్చునే చోటే కూర్చుని ఉంది. వెనక్కి తిరగలేదు. “మీ పెద్దయ్యతో సెప్పు. కొంగలు బాగున్నాయని మేవూ ఇన్నాం. బేగి సూసొచ్చి వండుకోమను.” నాన్న ఈ మాటలు వింటూనే ఎడ్లకి దాహం వేస్తోందని వాటిని తోలుకుపోయాడు. ఎడ్లు అప్పుడే తాగి వచ్చాయి, పాపం మళ్ళీ తాగాయి.

ఎర్రయ్య ఆ పూట ఎండుచేపల సంతకి పోయాడు. “గెడ అక్కడే ఉన్నాది, లోతు నేదు, తోసుకుపోండి బాబూ” అని ముందే చెప్పాడు. పెద్దయ్య ఒడ్డున నిలబడి పడవని ఒకసారి తలనుంచి తోకదాకా చూశాడు. ఎన్ని బండ్లు సర్దిన చెయ్యి! షావుకారు గారిని ముందు కూర్చోబెట్టాడు. ఆయన ఒళ్ళో గొడుగు. ఆయన పక్కన అరటిగెల, నీళ్ళ బిందె, చాపలు, మళ్ళీ ఆయన వెనకే తనకి చోటు. వెనక కొసన గెడ పట్టుకుని నేనొక్కణ్ణి, అప్పటికి నా ఒంటి మీద ఎముకలు తప్ప ఏమీ లేవు. ఎక్కేముందు పెద్దయ్య వంగి, అలవాటు కొద్దీ పడవ ముక్కుని చూపుడువేలితో ఎత్తబోయాడు. అది నీళ్ళలో వేలెడు దిగి ఉంది. “సరిపోనాది. ముందుకి పిసరు మొగ్గు” అన్నాడు తృప్తిగా.

గట్టు మీదనుంచి అమ్మ గొంతు వచ్చింది. “ఒరే, మీ పెద్దయ్యతో సెప్పు. నావకి ముందు ఎద్దులుండవు. బరువు ఎనక్కి జరపమను.”

“మీ అమ్మతో సెప్పు, సరుకు సర్దడం నాకు ఎవులూ నేర్పక్కర్నేదని.”

నేను తోశాను. కొంతదూరం రాజాలా పోయాం. నేను గెడ వేసిన ప్రతిసారీ పడవ ముక్కు వంగి వంగి నీళ్ళకి నమస్కారం పెడుతోంది. షావుకారు గారు “జగన్నాథా!” అని కొంగల్ని చూసి మురిసిపోతున్నారు. జమ్ము దుబ్బుల దగ్గరికొచ్చేసరికి నీరు పలచబడింది, కింద ఊబి. పడవ ముక్కు పోయి పోయి దాంట్లో దూరి, అక్కడే నిద్రపోయింది. వెనక కొస పైకి లేచింది, దానితో పాటు నేనూ లేచాను. నా బలమంతా పెట్టి గెడని ఊబిలో గుచ్చి తోశాను. పడవ మూరెడు పక్కకి జరిగింది. గెడ మాత్రం జరగలేదు. నేను గెడని వదిలానా, గెడ నన్ను వదిలిందా అంటే ఇప్పటికీ చెప్పలేను. అది నీళ్ళ మధ్య జెండాకర్రలా నిలబడి ఉంది, నా చేతికి అందదు. ముక్కు దగ్గర అంచు మీదనుంచి నీళ్ళు మెల్లగా, అడిగి వస్తున్నట్టు లోపలికి వస్తున్నాయి. షావుకారు గారు లేవబోయారు. పడవ ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది. “నాకు ఈత రాదు! జగన్నాథా!” ఈసారి సంతోషం కాదు. లోతు నడుముదాకానే, కానీ ఆ ఊబిలో దిగిన కాలు పైకి రాదని అందరికీ తెలుసు. పెద్దయ్య మొహం చింతపండు పిప్పిలా అయిపోయింది. ఏడాది సరుకు కొనే మనిషిని ఎక్కించుకొచ్చి ముంచేస్తున్నాడు, అదీ తన చేత్తో సర్ది మరీ.

గట్టు మీద పెద్దమ్మ కేకలు పెడుతోంది. నాన్న ఎడ్లని వదిలేసి పరిగెత్తుకొచ్చి ఒడ్డున నిలబడిపోయాడు, నీళ్ళకి భయం ఆయనకి. అప్పుడు రేవులోంచి ఒక దోనె కదిలింది. దాంట్లో నిలబడి గెడ వేస్తున్నది మా అమ్మ. కచ్చ బిగించి, కొంగు నడుముకి దోపి, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక వేసి, ఒళ్ళు కదలకుండా చేతులతోనే తోస్తోంది. గెడ నీళ్ళలో దిగడం, రావడం, చుక్క చప్పుడు లేదు. అంతదాకా నేను మా అమ్మని నిలబడి ఉండగా సరిగా చూడనేలేదేమో అనిపించింది. ఆ మనిషి అంత పొడుగా? దుబ్బుల మీద కొంగలు కూడా లేవలేదు, ఎవరో తెలిసిన మనిషే అన్నట్టు ఊరుకున్నాయి.

దారిలో నా గెడని ఊబిలోంచి మెలితిప్పి ఊడదీసి, దోనెలో వేసుకుని, మా పడవ పక్కకి వచ్చి ఆగింది. “ఒరే, మీ పెద్దయ్యతో” అంటుందని నేను సిద్ధంగా ఉన్నాను. నా వైపు చూడనైనా లేదు. తిన్నగా ఆయన మొహంలోకి చూసి అంది.

“బావగారూ! అరటిగెల, బిందె ఇటందీండి. బిందెలో నీల్లు పారబోసీండి. షావుకారు గారూ, తమరు లెగొద్దు. సంటిగుంటడిలాగ పాకుతూ ఎనక్కి రండి. బావగారూ, ఆయన ఎనకే మీరూను. బేగి!”

పెళ్ళయి వచ్చాక అమ్మ ఆయనతో ఆడిన మొదటి మాటలవి. పెద్దయ్య బిందెలో నీళ్ళు పారబోశాడు. బిందె అందించాడు. గెల అందించాడు. షావుకారు గారు పట్టు ఉత్తరీయంతో పాకారు, వెనకే మా పెద్దయ్య, మా ఇంటి పెద్ద, సంతలో పదిమందికి తీర్పు చెప్పే మనిషి, మోకాళ్ళ మీద. వాళ్ళు నా దాకా వచ్చేసరికి పడవ ముక్కు ఊబిలోంచి ‘పుచుక్’ మని ఊడి పైకి లేచింది. అమ్మ మా పడవలోకి అడుగు పెట్టి, దోనెని తాడుతో వెనక కట్టేసి, నాకు చెంబిచ్చి నీళ్ళు తోడమంది. ముగ్గురు మగాళ్ళనీ, అరటిగెలనీ రేవుకి తెచ్చింది. ఒడ్డున షావుకారు గారి ఇల్లాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ముందు భయంతో, తర్వాత ఆయన పాకడం గుర్తొచ్చి నవ్వుతో. ఆ నవ్వు ఇక ఆగలేదు.

అందరూ దిగారు. బట్టలు పిండుకున్నారు. అప్పుడు మళ్ళీ ఆ పొయ్యి. మూడు రాళ్ళూ అలాగే ఉన్నాయి, కట్టెలు అలాగే ఉన్నాయి. ఎండ నడినెత్తికి వస్తోంది. అమ్మ పోయి మామ్మ చోటులో కూర్చుని, కాళ్ళకంటిన ఊబి కడుక్కుంటోంది. పెద్దమ్మ పోయి పక్కన కూర్చుంది, నేను ఆశ్చర్యపోయాను. పెద్దయ్య కట్టెలు తీసి పొయ్యిలో పెట్టాడు. తర్వాత తడి పంచె పైకి మడిచి గోచీ బిగించాడు. నడిచి వెళ్ళి అమ్మకి నాలుగడుగుల దూరంలో ఆగి, మధ్యలో నేను నిలబడి ఉండగానే, నన్ను దాటి అన్నాడు.

“అమ్మా, అగ్గిపెట్టి ఎక్కడున్నాది?”

అమ్మ తల దించుకునే, కాళ్ళు కడుక్కుంటూనే, “ఒరే, మీ పెద్దయ్యతో సెప్పు. బండిలో ఉప్పుజాడీ ఎనకాల ఉన్నాది” అంది. పెద్దయ్య నవ్వాడు. తడి మీసంలోంచి ఆ నవ్వు ఎలా వచ్చిందో గానీ వచ్చింది. షావుకారు గారి వైపు తిరిగి, సంతలో పదిమందీ వినేలా సరుకు పొగిడే గొంతుతో అన్నాడు: “షావుకారు గారూ, మా ఇంట్లో తంపర గట్టుమీద మగోళ్ళే వండుతారు. మా అమ్మ ఎట్టిన రివాజు. మా మరదలు నిలబెట్టింది. తమరు అలగ నీడలో కూకోండి, మావు సూసుకుంటాం.” షావుకారు గారు కూర్చోలేదు. ఉత్తరీయం తీసి కొమ్మకి ఆరేసి, “నాకు దాల్మా వస్తాదయ్యా, పప్పులో కూరముక్కలేసి వండుతాం మా ఒడియా వైపు. గుమ్మడికాయుందా?” అన్నారు. పొయ్యికి ఒక పక్క మా నాన్న పులుసు, ఇంకో పక్క ఆయన దాల్మా, మధ్యలో పెద్దయ్య తక్కెడ, ఊదుడుగొట్టంతో నేను. ఆ పూట పప్పులో ఉప్పు సరిగ్గా పడింది. తడి చేతులకి ఉప్పంతా అంటుకుపోయి తక్కెడ పని చెయ్యలేదు, పెద్దయ్య నాలిక మీద వేసుకుని చూడక తప్పలేదు.

ఆ తర్వాత రివాజు గురించి ఎవరూ నోరెత్తలేదు. మరుసటి ఏడు షావుకారు గారు పిలవకుండానే గుమ్మడికాయతో దిగారు. పెద్దయ్య ఈ కథ టెక్కలి బజారంతా తానే చెప్పాడు, తన తప్పుతో సహా. “మా మరదలు నావ నడిపితే సూడాలి” అని మొదలుపెట్టేవాడు. మొదట్లో నడుము లోతున్న నీరు, వారం తిరిగేసరికి నిలువు లోతైంది, నౌపడ సంతకి చేరేసరికి రెండు తాటిచెట్ల లోతు. నేను సరిదిద్దలేదు. మా అమ్మ గొప్పతనానికి నీళ్ళు పోసి పెంచుతూంటే నేనెందుకు తోడాలి?

మొన్న ఆ నారింజ కోటులో, ఆ ఇంజను పడవలో, నడిమధ్యన కూర్చుని ఇదంతా మనవలకి చెప్పాను. ఇంజను మోతలో సగం వినిపించిందో లేదో. ఇప్పటి పడవకి గెడ లేదు, ఊబిలో దిగబడే భయం లేదు. ఎవరి బరువు ఎక్కడుండాలో ఆ కుర్రాడు ఒక్క చూపులో చెప్పేస్తాడు. మా అమ్మాయి ఎవరితోనూ పేచీ పడకుండా నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంది, అల్లుడు దాన్ని అడ్డుకోవాలని అనుకోనైనా అనుకోడు. ఆనాటి కన్నా ఇదే మేలని ఒప్పుకుంటాను. కాకపోతే మధ్యాహ్నం భోజనం కుర్రాడు మోసుకొచ్చి పెట్టాక నేను చెయ్యి కడుక్కుందామని గుడ్డ ఇళ్ళ వెనక్కి వెళ్ళాను. అక్కడ రేకుల పాకలో ఒకావిడ చెమటలు కక్కుతూ మూకుడు ముందు నిలబడి ఉంది. నీళ్ళకి ఆమె వీపు. పొయ్యి ఎక్కడికీ పోలేదన్న మాట, మన కళ్ళకి కనబడకుండా జరిగిందంతే. నాన్నా పెద్దయ్యా వండిన వంట దీనికన్నా బాగుండేదని నేను ప్రమాణం చెయ్యను. కానీ వండిన చెయ్యి ఎవరిదో తినేవాళ్ళందరికీ తెలిసేది, పొగకి ఎవరి కళ్ళు మండాయో కూడా తెలిసేది. అది మా ఇంటి గొప్ప. వేరే గొప్పలు మాకు లేవు కాబట్టి దీన్ని గట్టిగానే చెప్పుకుంటాను.

ఆ ఏడు తిరుగు ప్రయాణంలో నేను అమ్మ పక్కన బండిలో కూర్చున్నాను. ఉప్పుమళ్ళు ఎండకి మెరుస్తున్నాయి. అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, గెడ రాసి ఎర్రబడిన అరచేతుల్ని చూసుకుంటోంది. కళింగపట్నంలో చిన్నప్పుడు జాలరి పిల్లలతో కలిసి వంశధార సముద్రంలో కలిసే మొగలో దోనెలు తోసేదాన్నని మెల్లగా చెప్పింది, ఉప్పు కొట్టు కిటికీలోంచి వాళ్ళ నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవాడట. నాకు ఆటపట్టించాలనిపించింది. “ఓహో! ఇంత విద్య పెట్టుకుని, ఇన్నేళ్ళూ మా దగ్గర గుట్టుగా దాచీసేవన్న మాట. గట్టి దొంగవే అమ్మా” అన్నాను.

అమ్మ చేతులు చూసుకోవడం ఆపి, నా వైపు తిరిగింది.

“దాసినానేటిరా? మీ ఇంటికొచ్చిన కాణ్ణించీ ఈ పూటకి కూరేటి, పులుసేటి అని అందరూ అడిగినారు. నీకేటొచ్చునే అని ఒక్కలు అడిగినారేటి?”